తినను, కానీ ముక్కు మూసుకోను

ముందుగా ఒక వాసన గురించి చెప్పాలి.

2023 నవంబరులో పాత్రికేయుల శిక్షణ కార్యక్రమం ఒకదానికి బ్యాంకాక్ వెళ్ళాను. మొదటిరోజు పొద్దున ఆరున్నరకి చాయ్ కోసం హోటల్ బయటికొచ్చాను. అక్కడ సందుని 'సోయ్' అంటారు. సోయ్ మలుపు తిరిగానో లేదో, బొగ్గుల మీద మాంసం కాలుతున్న వాసన ముఖానికి తగిలింది. కొవ్వు కరిగి నిప్పుల మీద పడినప్పుడు లేచే పొగ, దానికింద వెల్లుల్లి, మిరియాలు, కాస్త మాడిన బెల్లం. నా నోట్లో నీళ్ళూరాయి. అబద్ధమెందుకు చెప్పాలి? రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకి హైదరాబాద్ పాతబస్తీలో సీఖ్ కబాబ్ బండి పక్కనుంచి పోతున్నవాడి కడుపు ఎలా పిలుస్తుందో అలాగే పిలిచింది.

పొద్దున్నే మాంసమేమిటని మనలో ఇడ్లీ తినేవాళ్ళకి అనిపించొచ్చు. నాకు అనిపించలేదు. మా ఇళ్ళల్లో నహారీ ఉంది. ఆ పేరులోనే పొద్దుంది. రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికిన పాయాలో కుల్చా ముంచుకు తిని పనిలోకి పోయే మనుషుల మధ్య పెరిగాను నేను. కాబట్టి ఆ బండి ముందు నిలబడ్డప్పుడు పరాయి దేశంలో ఉన్నట్టే లేదు. పొడుగాటి రేకు పొయ్యి, దాని మీద వరసగా వెదురు పుల్లలు, పుల్లకి గుచ్చిన పల్చటి ముక్కలు. యాభై దాటిన ఒక ఆడమనిషి ఒక చేత్తో విసురుతూ, ఇంకో చేత్తో పుల్లలు తిప్పుతోంది. మధ్యమధ్య కొబ్బరిపాలు పూస్తోంది. మోటార్‌సైకిల్ టాక్సీ వాళ్ళు, ఆఫీసు బట్టల్లో అమ్మాయిలు, యూనిఫాం పిల్లలు ఆగుతున్నారు. మూడు పుల్లలు, చిన్న ప్లాస్టిక్ సంచిలో ముద్దగా కట్టిన జిగురన్నం. నడుస్తూనే తినేస్తున్నారు. పుల్ల 10 బాట్లు, మన లెక్కలో పాతిక రూపాయల లోపు.

వేలు చూపించి "చికెన్?" అన్నాను.

ఆమె నవ్వి "మూ" అంది. నాకు అర్థం కాలేదని, పక్కనున్న కుర్రాడు "పోర్క్ సార్" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది నేను చేసింది కాదు, నా చెయ్యి చేసింది. లేచి ముక్కు మీదకి వెళ్ళింది. కాలు ఒక అడుగు వెనక్కి పడింది. కడుపులో తిప్పింది. ఆమె చూసింది. ఆమె చేతిలో విసనకర్ర ఒక్క క్షణం ఆగింది.

అంతే జరిగింది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. కానీ ఆ క్షణాన్ని అప్పటి నుంచి మోస్తూనే ఉన్నాను. ఎందుకంటే ఆ చెయ్యి నాకు తెలుసు. అలాంటి చేతులు నా జీవితమంతా నా ఎదుట లేచాయి.

బడిలో నా టిఫిన్ డబ్బా మూత తీస్తే లేచిన చెయ్యి. అద్దెకిల్లు అడగబోతే "మీరు... నాన్‌వెజ్ కదా?" అంటూ గుమ్మానికడ్డంగా వచ్చిన చెయ్యి. అమ్మీ బక్రీద్ కూర గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తే, గిన్నె తీసుకోకుండా గాలిలోనే ఆపిన చెయ్యి. పాతికేళ్ళుగా పత్రికల్లో రాస్తున్నాను. ఆహారం మీద, దాని పేరుతో జరిగే అవమానం మీద రాశాను. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ పండగ చేసి దెబ్బలు తిన్నప్పుడు రాశాను. 2015 సెప్టెంబరులో దాద్రీ దగ్గర పల్లెలో, ఇంట్లో ఏదో మాంసం ఉందన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ని ఇంట్లోంచి లాగి కొట్టి చంపినప్పుడు రాశాను. మనిషి పళ్ళెంలోకి తొంగిచూసే హక్కు మరో మనిషికి లేదని రాశాను.

అలా రాసిన చెయ్యే బ్యాంకాక్‌లో ముక్కు మీదకి వెళ్ళింది.

ఇక్కడొక ప్రశ్న ఉంది. పంది మాంసం తినాలా వద్దా అన్నది కాదు. అది నాకు తేలిపోయిన విషయం, నేను తినను. నా ప్రశ్న వేరు. ముందు నోట్లో నీళ్ళూరాయి, తర్వాత కడుపులో తిప్పింది. ఆ రెంటికీ మధ్య పొయ్యి మీద మారిందేమీ లేదు. అదే పొగ, అవే ముక్కలు. ఒక్క మాట మాత్రం వచ్చి చేరింది. అంటే అసహ్యం ఆ మాంసంలో లేదు, నా ముక్కులో కూడా లేదు. ముక్కు నిజానికి బాగుందనే సాక్ష్యం చెప్పింది. అసహ్యం ఆ మాటలో ఉంది, చిన్నప్పటి నుంచి నాలో పేరుకున్న పాఠంలో ఉంది. మరి ఆ పాఠం నా మతం చెప్పిందేనా? లేక మతం పేరుతో మరెవరో చెప్పిందా?

మా ఇంట్లో ఆ జంతువు పేరు పలికేవాళ్ళు కాదు. నానీమా 'బద్‌జాన్వర్' అనేది. పేరు పలికితే నలభై రోజులు నాలుక నాపాక్ అవుతుందని పిల్లల్ని భయపెట్టేది. నలభై రోజుల లెక్క ఖురాన్‌లో లేదు. పెద్దయ్యాక వెతికి చూశాను. ఖురాన్‌లో ఉన్నది తినొద్దన్న ఆజ్ఞ. అది నాలుగు చోట్ల ఉంది. నాలుగు చోట్లా దాని వెంటే ఒక మినహాయింపు కూడా ఉంది. గత్యంతరం లేక, కావాలని కాకుండా, హద్దు మీరకుండా తిన్నవాడిని అల్లా క్షమిస్తాడని. ఆజ్ఞని, కరుణని విడదీయకుండా పక్కపక్కనే పెట్టిన గ్రంథం అది. మేం ఆజ్ఞని పట్టుకున్నాం, కరుణని వదిలేశాం, ఖాళీ అయిన ఆ చోట్లో అసహ్యాన్ని పెట్టుకున్నాం.

ఆ అసహ్యం జంతువు దగ్గరే ఆగుంటే ఇదంతా రాయాల్సిన పనిలేదు. అది మనుషుల మీదకి పోయింది. మా ఊళ్ళో చెరువుకట్ట కింద ఎరుకల గుడిసెలుండేవి. బుట్టలల్లేవాళ్ళు, పందుల్ని మేపేవాళ్ళు. సాయంత్రం వాళ్ళ పందులు మా మహల్లా వైపొస్తే మేం పిల్లలం రాళ్ళేసేవాళ్ళం. ముందు పందుల మీద వేసేవాళ్ళం. తర్వాత వాటి వెనక వచ్చే పిల్లల మీద కూడా వేసేవాళ్ళం. వాళ్ళలో ఒకడు నా క్లాసులోనే ఉండేవాడు. ఆరో తరగతిలో సారు వాణ్ణి నా బెంచీ మీద కూర్చోబెడితే, నేను పుస్తకాలు తీసుకుని లేచి వెళ్ళి గోడకి నిలబడ్డాను. సారు నన్నేమీ అనలేదు. 'తురకోళ్ళ పిల్లాడు కదా, పట్టింపుంటుంది' అనుకున్నాడేమో. ఆ రోజు ఇంటికొచ్చి ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఇంట్లో ఎవరూ తప్పన్లేదు. వాడు ఆ బెంచీ మీద సంవత్సరమంతా ఒక్కడే కూర్చున్నాడు.

నా టిఫిన్ డబ్బాకి ముక్కు మూసుకున్న పిల్లల్ని నేను మర్చిపోలేదు. ఎన్నో వ్యాసాల్లో వాళ్ళ గురించి రాశాను. నేను గోడకి నిలబడిన రోజు గురించి మాత్రం ఇప్పుడే రాస్తున్నాను. మైనారిటీ అన్నది ఒకే మెట్టు కాదు. మనకంటే పైమెట్టు మీదివాడు మనల్ని చూసి ముక్కు మూసుకుంటే, మనకంటే కిందిమెట్టు మీదివాణ్ణి చూసి మనం మూసుకుంటాం. కులం అలాగే పనిచేస్తుంది. కలిమా చదివినంత మాత్రాన అది ఒంట్లోంచి పోదు. అవతలివాడు తాకినది మైల అనే భావం ఈ నేల మీద మాకంటే ముందునుంచీ ఉంది. మేం దానికి అరబ్బీ పేరు పెట్టుకున్నాం.

రెండో రోజు పొద్దున మా ఫోటోగ్రాఫర్ మిత్రుడు కూడా నాతో వచ్చాడు. మంచివాడు, ఎడమవైపు ఆలోచించేవాడు, దేవుణ్ణి నమ్మడు. మొదటిరోజు సంగతి చెప్పాను. అతను నవ్వి నాలుగు పుల్లలు కొనుక్కున్నాడు. ఒకటి నా ముందుకు చాపి, "ఏం భాయ్, ఇంకా ఈ పట్టింపులేంటి? రాసేదేమో ఆహార స్వేచ్ఛ మీద. ఒక్క ముక్క తిను, అసహ్యం దానంతటదే పోతుంది" అన్నాడు.

ఇది నాకు కొత్త కాదు. మన సెక్యులర్ మిత్రుల్లో కొందరికి ముసల్మాన్ ఆధునికుడయ్యాడా లేదా అని తేల్చే పరీక్ష ఇదే. పంది తింటే పాస్, తినకపోతే ఛాందసుడు. పార్టీలో శాకాహారి ఒకడు "నేను తినను" అంటే, అతనికి వేరే పళ్ళెం వస్తుంది. ఎందుకని ఎవరూ అడగరు. నేను "తినను" అంటే మాత్రం చర్చ మొదలవుతుంది. అతని కాదనడానికి సంస్కారమని పేరు, నా కాదనడానికి మతమౌఢ్యమని పేరు. తినే స్వేచ్ఛ కోసం కొట్లాడేవాళ్ళు తినకుండా ఉండే స్వేచ్ఛని ఒప్పుకోకపోతే, వాళ్ళడుగుతున్నది స్వేచ్ఛ కాదు, ఇంకో రకం మెజారిటీ.

మిత్రుడి మాటలో ఇంకో పొరపాటు కూడా ఉంది. అసహ్యం పోవాలంటే తినాలన్నాడు. అంటే తినకపోవడం, అసహ్యించుకోవడం రెండూ ఒకటేనని, మొదటిది వదిలితేగానీ రెండోది పోదని అతని నమ్మకం. నానీమా నమ్మకం కూడా సరిగ్గా అదే. కాకపోతే రెండూ ఉంచుకోవాలంది ఆమె. ఆస్తికురాలైన నానీమా, నాస్తికుడైన మిత్రుడు ఒకే మాట మీద నిలబడ్డారు. అసహ్యం లేకపోతే నిషేధం నిలవదని.

నిజంగా నిలవదా? దీనికి జవాబు ఏ గ్రంథంలోనూ వెతకక్కర్లేదు. ఏడాదికి ఒక నెల నా ఒంట్లోనే ఉంది. రోజా ఉన్నవాడు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టడు. నీళ్ళంటే అసహ్యమా? ఖర్జూరమంటే అసహ్యమా? ఎదురుగా బిర్యానీ ఉంటుంది, వాసన వస్తుంది, నోరూరుతుంది. అయినా చెయ్యి చాపడు. ఎవరూ చూడకపోయినా చాపడు. అసహ్యంతో ఆగినవాడికి అందులో గొప్పేముంది? కడుపులో తిప్పేదాన్ని ఎవడైనా వదిలేస్తాడు. బాగుందని తెలిసీ, కావాలనిపించీ, ఇచ్చిన మాట కోసం ఆగడం ఉంది చూశారూ, నియ్యత్ అంటే అదీ. రోజా మనకి ముప్పై రోజులూ నేర్పే పాఠం ఇదే. తినకపోవడానికి అసహ్యంతో పనిలేదని. ఆ పాఠాన్ని మిగిలిన పదకొండు నెలలకీ, పంది మాంసం దాకా ఎందుకు తీసుకుపోలేకపోయాం?

మౌల్వీ సాబ్ ఒకరికి ఈ వాదన చెప్తే ఆయన వెంటనే అడ్డుకున్నారు. "బేటా, ఖురాన్ దాన్ని రిజ్స్ అంది కదా. మలినమన్నదాన్ని మలినంగా చూడకపోతే ఎలా?" అన్నారు. అది నిజమే, ఆ మాట ఉంది. దాన్ని దాటేసి వాదించడం నిజాయితీ కాదు. అయితే ఆ మాట ఏ సందర్భంలో ఉంది? ఏం తినాలి, ఏం తినకూడదు అని చెప్పే చోట ఉంది. అది మాంసం గురించి. దాన్ని అమ్ముకు బతికే మనిషి గురించి కాదు. నాకు హరామ్ అయినదాన్ని నేను నా పళ్ళెంలోకి రానివ్వను. అక్కడితో నా హక్కూ బాధ్యతా అయిపోయాయి. నా పళ్ళెం అంచు దాటి అవతలి మనిషి ముఖం దాకా ఆ మలినాన్ని మోసుకుపోయే అధికారం నాకెవరిచ్చారు? మౌల్వీ సాబ్ కాసేపు ఆలోచించి, "బాత్ సోచ్‌నే కీ హై" అన్నారు. ఒప్పుకోలేదు, కాదనలేదు. నాకు అదే చాలు.

మళ్ళీ ఆ బండి దగ్గరికి వద్దాం.

మూడో రోజు నేనే కావాలని వెళ్ళాను, ఏదో చెప్పుకోవాలని. మా హోటల్ కుర్రాడు రోజూ అక్కడే కొనుక్కుంటాడు, అతనికి ఇంగ్లీషు వచ్చు. అతన్ని మధ్యవర్తిగా పెట్టుకుని, "మొన్న నేను చేసింది బాగాలేదని చెప్పు" అన్నాను. అతను చెప్పాడు. ఆమె పెద్దగా నవ్వింది. "ఇసలామ్?" అనడిగింది. అవునన్నాను. ఆమె పొయ్యి వదలకుండానే తలతో సోయ్ అవతలి వైపు చూపించింది. అక్కడ హిజాబ్ కట్టుకున్న ఒకావిడ ఇంకో బండి మీద కోడి పుల్లలు కాలుస్తోంది. బండికి హలాల్ గుర్తు ఉంది. రెండు రోజులుగా ఆ బండి అక్కడే ఉంది. నేను చూడలేదు. నా ముక్కు మూసిన చెయ్యి నా కళ్ళని కూడా మూసిందన్నమాట.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది, కుర్రాడు అనువదించాడు. "ఇందులో తప్పేముంది? నేనూ గొడ్డు మాంసం తినను. కువాన్ ఇమ్ అమ్మవారికి మొక్కుకున్నాను."

కువాన్ ఇమ్ చైనా నుంచి వచ్చిన కరుణామూర్తి, బోధిసత్వురాలు. థాయిలాండులో ఆమె భక్తులు చాలామంది గొడ్డు మాంసం ముట్టరు. అంటే పంది మాంసం అమ్మే ఈ మనిషికి నిషేధమంటే ఏమిటో నాకంటే బాగా తెలుసు. ఆమెకీ ఒక గీత ఉంది. కానీ ఆ గీత ఆమెకి గోడ కాలేదు. ఎదుటి బండి ఆవిడ గొడ్డు మాంసం తింటుందని ఈమెకి తెలుసు. ఈమె పంది మాంసం అమ్ముతుందని ఆవిడకి తెలుసు. చిల్లర అయిపోతే ఒకరి దగ్గర ఒకరు మార్చుకోవడం నేను చూశాను.

ఇదంతా చెప్పి, చూడండి బుద్ధుడి దేశం ఎంత గొప్పదో, మన దేశం ఎంత చెడ్డదో అని ముగించొచ్చు. అలా ముగించను, అది అబద్ధమవుతుంది. థాయిలాండులో నూటికి తొంభైమందికి పైగా బౌద్ధులు, ముసల్మానులు ఇరవైమందిలో ఒకరు. అక్కడ భారతీయుల్ని, మలయ్ వాళ్ళని, మొత్తంగా ముసల్మానుల్ని పిలిచే మాట ఒకటుంది, 'ఖేక్' అని. దాని అసలు అర్థం అతిథి. వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ ఆలోచించండి. నాలుగు వందల ఏళ్ళ కిందట పర్షియా నుంచి వచ్చిన షేక్ అహ్మద్ అనే వర్తకుడు అయుత్థయ రాజుల కొలువులో పెద్ద పదవి చేశాడు. దక్షిణాన పట్టానీ మలయ్ ముసల్మానులు ఎక్కడినుంచీ రాలేదు. వాళ్ళ నేల మీదకే సయాం రాజ్యం వచ్చింది. అయినా వాళ్ళు ఇంకా అతిథులే. సొంత ఇంట్లో అతిథిగా పిలిపించుకోవడం ఎలా ఉంటుందో తెలుగు ముసల్మానుకి వివరించి చెప్పక్కర్లేదు. "మీరు తెలుగు ఇంత బాగా మాట్లాడతారే!" అన్న మెచ్చుకోలు మనకి రోజూ వచ్చే ఆహ్వానపత్రికే కదా.

2004 అక్టోబరు 25న ఆ దక్షిణాన తాక్ బాయ్ అనే చోట నిరసన తెలిపినవాళ్ళని సైన్యం చేతులు వెనక్కి కట్టి, లారీల్లో ఒకరి మీద ఒకరిని పేర్చి తీసుకుపోయింది. 78 మంది ఊపిరాడక చనిపోయారు. అక్కడికక్కడ కాల్పుల్లో చనిపోయిన వాళ్ళతో కలిపితే 85 మంది. అది రంజాన్ నెల. ఇరవై ఏళ్ళ గడువు 2024 అక్టోబరులో ముగిసి కేసు చచ్చిపోయింది, ఒక్కడు కూడా బోనెక్కలేదు. కాబట్టి ఏ మతమూ దానంతటదే మంచిది కాదు, ఏ దేశమూ దానంతటదే మంచిది కాదు. సోయ్‌లో రెండు బండ్లు ఎదురెదురుగా ప్రశాంతంగా ఉన్నాయంటే దానికి కారణం బౌద్ధమో ఇస్లామో కాదు. ఇద్దరూ పొద్దున నాలుగింటికి లేచి బొగ్గులు రాజేసుకునే మనుషులు కావడం.

ఆమె కూడా బ్యాంకాక్ మనిషి కాదు. ఈశాన్ ప్రాంతం మనిషి. ఈశాన్ అంటే థాయిలాండుకి ఈశాన్యాన లావోస్ సరిహద్దుల్లో ఉన్న బీద నేల. లావో భాష మాట్లాడేవాళ్ళని, మోటువాళ్ళని రాజధానిలో వాళ్ళకి చిన్నచూపు. అక్కడి నుంచి కూలికి వచ్చినవాళ్ళు తమతో తెచ్చుకున్నదే ఈ జిగురన్నం. ఇప్పుడు ఆఫీసర్లు కూడా పొద్దున అదే కొనుక్కు తింటున్నారు. అన్నం ఇష్టమే, వండినవాళ్ళ యాసే ఎగతాళి. 2014లో సైనిక ప్రభుత్వం వచ్చాక కాలిబాటలు ఖాళీ చేయించే పేరుతో నగరంలో ఎన్నో బండ్లని తీయించేశారు. 2022 జనవరిలో పందులకి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చిందని ప్రభుత్వం ఒప్పుకునే నాటికి మాంసం కిలో 200 బాట్లు దాటింది. పది బాట్ల పుల్ల అమ్ముకునే మనిషికి అది ఎంత దెబ్బో లెక్క వేసుకోండి. నేను ముక్కు మూసుకున్నది వీటన్నిటినీ దాటుకుని ఆ పొద్దున పొయ్యి వెలిగించిన మనిషి ముందు.

మా ఊరి చెరువుకట్ట కింది గుడిసెలకీ, ఈ బండికీ తేడా ఏముంది?

ఆఖరి రోజు పొద్దున ఒక చిన్న సంగతి జరిగింది. భిక్షకి బయల్దేరిన బౌద్ధ భిక్షువు ఒకరు వట్టికాళ్ళతో సోయ్‌లోకి వచ్చారు. థేరవాద భిక్షువులు తమ కోసమే చంపినట్టు చూడని, వినని, అనుమానం లేని మాంసాన్ని తీసుకోవచ్చు. ఏనుగు, గుర్రం, పాము లాంటి పది రకాల మాంసాలు వాళ్ళకీ నిషేధమే, పంది ఆ జాబితాలో లేదు. ఆమె హడావిడిగా రెండు పుల్లలు, అన్నం సంచిలో వేసుకుని, నాకేసి పొయ్యి చూడమన్నట్టు చెయ్యి ఊపి, చెప్పులు విప్పి భిక్షువు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే యూనిఫాంలో ఒక చిన్న పిల్ల వచ్చి మూడు వేళ్ళు చూపించి, 30 బాట్లు నా ముందు పెట్టింది. బడికి ఆలస్యమవుతోంది కాబోలు, అటూ ఇటూ కదులుతోంది.

బుద్ధుడి ఆఖరి భోజనం గుర్తొచ్చింది. చుందుడనే కంసాలి పెట్టింది పంది మాంసమో, పుట్టగొడుగులో పండితులు ఇంకా తేల్చుకోలేదు. కానీ అందులో నాకు నచ్చింది ఆ వంటకం కాదు. ఆ భోజనం తర్వాత జబ్బుపడిన బుద్ధుడు, చుందుడు తన వల్లే ఇలా అయిందని బాధపడకుండా చూడమని ఆనందుడికి చెప్పాడు. పెట్టిన చెయ్యి చిన్నబోకూడదన్న ఆ చింత నాకు నచ్చింది. కడుపుకి పడనిదాన్ని పెట్టిన మనిషి విషయంలో కూడా ఆయన పడిన చింత అది.

ఇంతసేపు నాలో ఏ చర్చా జరగలేదు, ఇదంతా తర్వాత అనుకున్నది. పిల్ల నిలబడి ఉంది. నేను కాలిన మూడు పుల్లలు తీసి, సంచిలో వేసి, అన్నం ముద్ద పెట్టి ఇచ్చాను. పుల్లలు వెచ్చగా ఉన్నాయి. పిల్ల రెండు చేతులు జోడించి తల వంచి పరిగెత్తింది. ఆమె తిరిగొచ్చి 30 బాట్లు చూసి, నన్ను చూసి, గట్టిగా నవ్వి ఎదుటి బండి ఆవిడకి కేకేసి ఏదో చెప్పింది. ఆవిడా నవ్వింది. నేను అవతలికెళ్ళి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కోడి పుల్లలు రెండు, జిగురన్నం కొనుక్కు తిన్నాను.

చేతులు ఎందుకు కడుక్కున్నావని మా ఫోటోగ్రాఫర్ అడిగాడు. దొరికిపోయావన్నట్టు అడిగాడు. కడుక్కున్నాను, నా నియమం అది. దాన్ని దాచుకోను. నా చేతికి కొవ్వు అంటింది, నీళ్ళతో పోయింది. ఆరో తరగతిలో అంటినది మాత్రం నీళ్ళతో పోయేది కాదు.

నా పాఠకుల్లో ముసల్మానులకి నేను చెప్పేది ఇదీ. తినకండి. మన నియమం మనది, దాని కోసం ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ మన నియమం ఇంకో మనిషిని చిన్నబుచ్చితేగానీ నిలబడలేనంత బలహీనమైనదని అనుకోకండి. అలా అనుకోవడం ఈమాన్ మీద నమ్మకం లేకపోవడమే. సెక్యులర్ మిత్రులకి చెప్పేది ఇదీ. నా పళ్ళెంలోకి పంది ముక్క వేసి నన్ను కొలవకండి. నేనెలా తింటానో కాదు, నేను తిననిది తినేవాడి పక్కన ఎలా కూర్చుంటానో చూడండి. కొలవాలంటే అక్కడ కొలవండి, నేను ఒప్పుకుంటాను. ఆవు పేరుతో చట్టాలు చేసి, మూకల్ని వదిలి, తమ కాదనడాన్ని ఊరందరి నోటికీ తాళంగా వేసేవాళ్ళతో వాదించే హక్కు నాకు అప్పుడే వస్తుంది. తాను తినకపోవడం ఒకటి, ఎవరూ తినకూడదనడం ఒకటి. ఈ రెంటికీ మధ్య మొలిచే మొక్క పేరే అసహ్యం. దాన్ని నా పెరట్లో పీకకుండా పక్కవాడి పెరట్లో పీకమనలేను.

మా ఊరికి ఈమధ్య వెళ్ళాను. చెరువుకట్ట కింద గుడిసెలు లేవు, ప్లాట్లు చేసి అమ్మేశారు. నా క్లాసువాడు ఎక్కడున్నాడని అడిగితే ఎవరికీ తెలియదు. బడి ఉంది. ఆ గది ఉంది. బెంచీలు కొత్తవి వేశారు. కాసేపు కూర్చున్నాను, ఒకడికి చోటు వదిలి.